సరుకు తెలిస్తే వ్యాగన్ తెలుస్తుంది: విశాఖను మోడల్ రైల్వేలోకి దించాలంటే

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద కట్టబోయే మోడల్ రైల్వేకి ప్లాన్ అది. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ట్రాకు, దాని నుంచి చీలిన ఐదు సైడింగులు. ఒక్కో సైడింగు చివర ఒక్కో డబ్బా గీసి పేర్లు రాశాడు: స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీ, సింహాద్రి పవర్ ప్లాంటు. "మావయ్యా, వైజాగ్ మొత్తం వచ్చేసింది చూడు" అన్నాడు. గీత చాలా శుభ్రంగా ఉంది. "స్టీల్ ప్లాంటు సైడింగులో ఎన్ని వ్యాగన్లు పడతాయిరా?" అని అడిగాను. "మూడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద కొత్తవలస తీసుకెళ్లాను. స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద గంటసేపు నిలబడ్డాం. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ గనుల వైపు నుంచి ఇనుప ఖనిజం బండి ఒకటి మెల్లగా వచ్చింది. లెక్కపెట్టమన్నాను. యాభై ఎనిమిది వ్యాగన్లు, చివర బ్రేక్ వ్యాన్. అన్నీ ఒకే రకం, అన్నింటిలో ఒకే సరుకు. తిరిగొచ్చేటప్పుడు పెందుర్తి దాటేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "అయితే నా ప్లాన్ మొత్తం తప్పా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు నాలుగైదు ఆదివారాలు పట్టింది. ఈ హాబీలోకి కొత్తగా వస్తున్నవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే చిక్కుకుంటారు కాబట్టి ఆ జవాబంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ ప్లాన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మోడల్ రైల్వే గురించి మనకి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి, మిగతాది బ్రిటన్, జర్మనీల నుంచి వస్తుంది. అమెరికాలో 1950ల నాటి ఊళ్లను తలుచుకోండి. ఒక కుర్చీల ఫ్యాక్టరీ, ఒక ధాన్యం గోదాము, ఒక బొగ్గు డిపో, ఒక ప్రింటింగ్ ప్రెస్సు. ఒక్కోదానికి సొంత సైడింగు ఉండేది. రోజుకో, రెండు రోజులకో ఒక చిన్న గూడ్స్ బండి వచ్చి ఫ్యాక్టరీ దగ్గర ఒక వ్యాగన్ వదిలి, నిన్నటి వ్యాగన్ తీసుకుపోయేది. ఆ వ్యాగన్లు కూడా పది రైల్వే కంపెనీలవి, పది రంగులవి. రెండు వ్యాగన్లు పట్టే సైడింగు అక్కడ అచ్చమైన నిజం. అందుకే అక్కడి హాబీ పుస్తకాలు చిన్న పలక మీద ఐదారు పరిశ్రమలు పెట్టమంటాయి. వాళ్ల రైల్వేకి అది సరిపోతుంది.

మన దగ్గరా ఒకప్పుడు దానికి దగ్గరి పద్ధతే ఉండేది. వ్యాపారి ఒక్క వ్యాగన్ బుక్ చేసుకునేవాడు. నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు మార్షలింగ్ యార్డుకి చేరేవి. అక్కడ విడదీసి, కలిపి, మళ్లీ విడదీసి గమ్యానికి పంపేవాళ్లు. దారిలో రోజులకు రోజులు పట్టేది. 1980లు వచ్చేసరికి రైల్వే పూర్తి రేక్ పద్ధతికి మళ్లింది. రేక్ అంటే విడదీయకుండా ఒకే బండిగా నడిపే వ్యాగన్ల వరస. ఒక సరుకు, ఒక రకం వ్యాగన్లు, ఒక చోట లోడింగు, ఒక చోట అన్‌లోడింగు, మధ్యలో విడదీసే పనే లేదు. దాంతో చిన్న ఫ్యాక్టరీల సైడింగులకు గడ్డి మొలిచింది, ఆ సరుకు లారీలకు పోయింది. ఈనాటి విశాఖని మోడల్ చేస్తూ ఒక్కో ఫ్యాక్టరీకి మూడేసి వ్యాగన్లు తోస్తున్నామంటే మన వ్యాగన్లతో అమెరికా రైలు నడుపుతున్నట్టే.

అందుకని నేను డబ్బాలతో మొదలుపెట్టను, సరుకుతో మొదలుపెడతాను. ఏ పరిశ్రమ ఎంచుకున్నా నాలుగు విషయాలు తేల్చుకోవాలి. దీనికి రైలు మీద వచ్చేది ఏమిటి? రైలు మీద పోయేది ఏమిటి? ఏ వ్యాగన్‌లో? ఆ వ్యాగన్ తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్తుందా, లోడుతోనా? ఈ నాలుగూ తెలిస్తే ట్రాకు ఎంత పొడవుండాలో, కట్టడం ఎలా ఉండాలో చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

రిఫైనరీనే తీసుకోండి. మల్కాపురం రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై తర్వాత హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. మా మేనల్లుడి ప్లాన్‌లో ముడి చమురు ట్యాంకర్ల రైలు లోపలికి వస్తుంది, పెట్రోలు ట్యాంకర్లు బయటికి పోతాయి. కానీ ముడి చమురు వచ్చేది ఓడ మీద. రేవు నుంచి పైపుల్లో రిఫైనరీకి చేరుతుంది. తయారైన పెట్రోలు, డీజిల్‌లో పెద్ద వాటా విజయవాడ మీదుగా సికింద్రాబాద్ పోయే పైప్‌లైన్లో వెళ్తుంది. రైలుకి మిగిలేది బయటికి పోయే ఉత్పత్తుల్లో ఒక భాగమే. అంటే రిఫైనరీ సైడింగులోకి ట్యాంక్ వ్యాగన్లు ఖాళీగా రావాలి, నిండుగా పోవాలి. ట్యాంకర్‌ని బయటి నుంచి చూస్తే ఖాళీయో నిండో తెలియదు కాబట్టి మోడల్ కట్టేవాడికి ఇది గొప్ప సౌకర్యం. ఒకే రేక్ రెండు పనులకీ సరిపోతుంది.

స్టీల్ ప్లాంటు దగ్గర ఇంకో రకం పొరపాటు జరుగుతుంది. ఉక్కు అనగానే పెద్ద రేకు చుట్టలు కళ్లముందు మెదులుతాయి. వాటిని మోసే ఫ్లాట్ వ్యాగన్లు చూడ్డానికి బాగుంటాయి కూడా. కానీ విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది ఇళ్ల స్లాబుల్లో వేసే కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు, యాంగిళ్లు, ఛానెళ్లు, బిల్లెట్ల వంటి పొడవాటి సరుకు. రేకు చుట్టలు దాని ఉత్పత్తి కాదు. కాబట్టి గేటు బయట నిలబెట్టాల్సింది కడ్డీల కట్టలు, తీగ చుట్టలు వేసుకున్న బోస్ట్ లాంటి తెరిచిన వ్యాగన్లు, బీఆర్‌ఎన్ ఫ్లాట్లు. లోపలికి కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం రావాలి. ఎన్ని ప్రాణాలు పోతే, ఎంత పోరాడితే వచ్చిన ఫ్యాక్టరీ అది! దాన్ని చిన్నగా చేసినా సరే, అందులోంచి బయటికొచ్చే సరుకు మాత్రం సరిగ్గా ఉండాలని నా పట్టుదల.

సింహాద్రి పవర్ ప్లాంటు 2,000 మెగావాట్లది. బొగ్గు తాల్చేరు వైపు నుంచి రైలు మీద వస్తుంది, ఖాళీ రేక్ వెనక్కి పోతుంది. రైలు కోణంలో చూస్తే ఇంతే కథ. అయితే బొగ్గు ఎలా దించుతారన్నది వ్యాగన్‌ని నిర్ణయిస్తుంది. బాబ్‌ఆర్‌ఎన్ వ్యాగన్ అయితే గాలి ఒత్తిడితో అడుగు తలుపులు తెరుచుకుని ట్రాకు కింద ఉన్న గోతిలోకి బొగ్గు రాలుతుంది. పైన తెరిచిన పెట్టెలా ఉండే బాక్స్‌ఎన్ అయితే టిప్లర్ కావాలి. వ్యాగన్‌ని విడదీసి, పట్టుకుని, పక్కకి బోర్లించే యంత్రం అది. టిప్లర్ షెడ్డు కట్టి దాని ముందు బాబ్‌ఆర్‌ఎన్ రేక్ నిలబెట్టామంటే ఆ బొగ్గు ఎలా దిగుతుందో చెప్పలేం. పరిశ్రమనూ వ్యాగన్‌నూ జంటగా ఎంచుకోవాలనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అల్యూమినియం కంపెనీ నాల్కో సరుకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒడిశా కొండల్లోని దామన్‌జోడిలో తయారైన అల్యూమినా పొడి ప్రత్యేకమైన ట్యాంక్ వ్యాగన్లలో కొండ దిగి విశాఖ రేవుకి వస్తుంది. అల్యూమినా తీయడానికి కావాల్సిన కాస్టిక్ సోడా ద్రావణం విశాఖ రేవులో దిగి వేరే ట్యాంక్ వ్యాగన్లలో కొండెక్కుతుంది. రెండు వైపులా లోడు ఉన్నా ఒక వ్యాగన్ ఇంకోదాని పని చేయలేదు. ఒకటి పొడిగా, శుభ్రంగా ఉండాల్సిన పొడి, రెండోది చర్మాన్ని కాల్చే ద్రవం. అందుకే ఒక్కో రకం వ్యాగన్ ఒక వైపు నిండుగా, ఇంకో వైపు ఖాళీగా తిరుగుతుంది.

ఈ పేర్లన్నీ మొదట్లో బెదరగొడతాయి. లోపల ఒక వరస ఉంది, అది పట్టుబడితే పక్కన నిలబడి చదువుకోవచ్చు. మొదటి 'బీ' అంటే బోగీ, అంటే ఎనిమిది చక్రాల వ్యాగన్. తర్వాతి 'ఓ' తెరిచినది, 'సీ' కప్పు ఉన్నది, 'టీ' ట్యాంకు, 'ఎఫ్' ఫ్లాట్. చివర్లో వచ్చే 'ఎన్' గాలి బ్రేకులకి గుర్తు. అలా బీసీఎన్ అంటే గాలి బ్రేకులున్న, కప్పు ఉన్న బోగీ వ్యాగన్. బియ్యం, ఎరువులు, సిమెంటు బస్తాలకి అదే. బీటీపీఎన్ పెట్రోలియం ట్యాంకరు. తర్వాత వచ్చిన 'హెచ్‌ఎల్' రకాలు ఇరుసుకి ఎక్కువ బరువు మోసేవి. వ్యాగన్ మీద పెద్దగా రాసి ఉండే పదకొండు అంకెల నంబరు కూడా ఊరికే వేసింది కాదు. మొదటి రెండు వ్యాగన్ రకాన్ని, తర్వాతి రెండు సొంతదారు రైల్వేని, ఆ తర్వాతి రెండు తయారైన ఏడాదిని చెబుతాయి. తర్వాతి నాలుగు వరస సంఖ్య, ఆఖరిది లెక్క సరిచూసుకునే అంకె. మోడల్ మీద నంబరు వేసేటప్పుడు ఐదు, ఆరో అంకెలు మీరు ఎంచుకున్న కాలం దాటిపోకుండా చూసుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను. కొత్తవలస బ్రిడ్జి మీద నిలబడినప్పుడు మా వాణ్ణి వ్యాగన్లు లెక్కపెట్టమన్న తర్వాత, ఇంకో బండి వస్తే లోపలికి చూడమన్నాను. పైనుంచి చూస్తేనే తెలిసే సంగతి ఇది. ఖనిజం వ్యాగన్ నిండా ఉండదు. బొగ్గు బండి అయితే అంచు దాకా నిండి, ఒక్కోసారి పైకి కుప్పగా కూడా కనిపిస్తుంది. ఖనిజం మాత్రం లోపల ఎక్కడో సగం దగ్గరే ఆగిపోతుంది. పక్క నుంచి చూసేవాడికి వ్యాగన్ ఖాళీగా వెళ్తున్నట్టే ఉంటుంది.

కారణం సాంద్రత. బాక్స్‌ఎన్ పెట్టె లోపల సుమారు 56 ఘనపు మీటర్ల చోటు ఉంది. మొదటి డిజైను ప్రకారం అది మోయగలిగేది 58 టన్నుల పైచిలుకు. బొగ్గు ఘనపు మీటరుకి టన్ను లోపే తూగుతుంది కాబట్టి పెట్టె నిండాక కూడా బరువుకి ఇంకా అవకాశం ఉంటుంది. ఇనుప ఖనిజం ఘనపు మీటరుకి రెండు టన్నులు దాటిపోతుంది. అంచు దాకా నింపితే వంద టన్నులు మించుతుంది. స్ప్రింగులు, ఇరుసులు, పట్టాలు ఏవీ ఆగవు. అందుకే సగం దగ్గర ఆపేస్తారు. ఖనిజం కోసమే చేసిన బాయ్ రకం వ్యాగన్‌కి పక్క గోడలు పొట్టిగా ఉండటం కూడా ఇందుకే. అక్కర్లేని ఇనుప గోడని ఊరికే మోసుకు తిరగడం దేనికి? ఇక మోడల్ సంగతి. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతులో, బాక్స్‌ఎన్ పెట్టె లోతు 22 మిల్లీమీటర్లు ఉంటుంది. ఖనిజం పదీ పదకొండు మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. నేను చూసిన ఇంటి లేఔట్లలో చాలావాటిలో ఎర్రమట్టి అంచు దాకా కూరి ఉంటుంది. ఆ ఒక్క పొరపాటు సరిదిద్దితే చాలు, తెలిసినవాడి కన్ను అక్కడ ఆగుతుంది.

మట్టి మాట వచ్చింది కాబట్టి ఒక విన్నపం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం దయచేసి గుప్పెడు కూడా తేవద్దు. వేల ఏళ్లుగా ఏర్పడిన ఆ దిబ్బలు భూవారసత్వ స్థలం, ఇప్పటికే చాలా నష్టపోయాయి. పైగా బైలదిల్లా ఖనిజం రంగు ఆ ఇటుక ఎరుపు కాదు. ముదురు, కొంచెం నీలిబూడిద కలిసిన ఎరుపు. జల్లెడ పట్టిన సన్న ఇసుకకి ముదురు ఎరుపు, నలుపు కలిపిన రంగు పట్టించి, పలుచన జిగురుతో అతికిస్తే సరిగ్గా వస్తుంది. అసలు ఖనిజం పొడి దొరికినా వాడకండి. ఆ సన్న పొడి ఇంజను మోటారులోకి చేరితే మోటారు పాడవచ్చు.

సరుకు తర్వాత తేల్చుకోవాల్సింది కాలం. విశాఖకి ఈ విషయంలో మంచి వరస ఉంది, ఒక్కో దశకంలో ఒక్కో సరుకు వచ్చి చేరింది. మొదటిది మాంగనీసు. మధ్య పరగణాల మాంగనీసుని సముద్రానికి చేర్చడానికే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరం దాకా లైను వేసి 1931లో పూర్తి చేసింది. 1933లో రేవు మొదలైంది. 1957లో రిఫైనరీ. బైలదిల్లా ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసం 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి కేకే లైను వేశారు. 1967లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, 1970లలో పెద్ద ఖనిజం ఓడల కోసం అవుటర్ హార్బరు, 1977లో జింక్ స్మెల్టరు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. సింహాద్రి 2002లో మొదలైంది. కంటైనర్ టెర్మినల్ 2003లో వచ్చింది. జింక్ స్మెల్టరు 2012లో మూతపడింది.

ఈ వరస దగ్గర పెట్టుకుంటే చాలా ప్రశ్నలు తేలిపోతాయి. 1975 నాటి వాల్తేరు కడుతుంటే కంటైనర్లు, బాక్స్‌ఎన్‌లు ఉండకూడదు. బాక్స్‌ఎన్ 1980లలో వచ్చిన వ్యాగన్. స్టేషన్ బోర్డు మీద కూడా 'వాల్తేరు' అనే ఉండాలి, విశాఖపట్నం అన్న పేరు 1987లో వచ్చింది. పాతకాలపు వ్యాక్యూమ్ బ్రేకుల వ్యాగన్లనూ తర్వాత వచ్చిన గాలి బ్రేకుల వ్యాగన్లనూ ఒకే బండిలో కలిపి నడపలేరు కాబట్టి మోడల్‌లోనూ వాటిని ఒకే రేక్‌లో కట్టకూడదు. నన్నడిగితే, ఒకటి రెండు వ్యాగన్లతో షంటింగ్ చేయడమే, అంటే వాటిని విడదీసి, తోసి, కలపడమే ఎవరికైనా అసలు ఆనందం అయితే వాళ్లు 1980కి ముందుకే వెళ్లాలి. నాలుగు చక్రాల వ్యాగన్లు, చిన్న సైడింగులు, ఆవిరి ఇంజను, పాత పోస్టాఫీసు వైపు రేవు వీధులు... మా మేనల్లుడి ప్లాన్ ఆ కాలానికి పేర్లు మార్చుకుంటే దాదాపు నిలబడుతుంది. కానీ వాడికి తను రోజూ చూసే రైలే కావాలి. అది న్యాయమైన కోరికే.

అయితే ఇప్పటి రైలు కావాలంటే పొడవు లెక్క తప్పదు. బాక్స్‌ఎన్ పొడవు 10.7 మీటర్లు. హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. యాభై ఎనిమిది కలిపితే అసలు రేక్ 620 మీటర్లు దాటుతుంది, హెచ్‌ఓలో ఏడు మీటర్ల పైన. ఇంజన్లు, బ్రేక్ వ్యాన్ దీనికి అదనం. ఎన్ స్కేలులో, అంటే 160వ వంతులో, నాలుగు మీటర్లకి కాస్త తక్కువ. మన అపార్ట్‌మెంట్ల హాల్లో గోడ మొత్తం తీసుకున్నా హెచ్‌ఓ రేక్ పట్టదు. బీసీఎన్ అయితే ఒక్కోటి హెచ్‌ఓలో 17.7 సెంటీమీటర్లు, ఇంకా పొడవు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ ప్రకారం ట్రాకు 19 మిల్లీమీటర్లు దాటాలి. బజార్లో దొరికే ట్రాకు 16.5 మిల్లీమీటర్లది. చాలామంది దానితోనే సర్దుకుంటారు, నేనూ అంతే. పక్క నుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే ఇంజను కాళ్లు కొంచెం దగ్గరగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి రేక్‌ని కుదించాల్సిందే. ఎంతకి కుదించాలి? ఒక చూపులో లెక్కపెట్టేయలేనంత ఉంటే చాలన్నది నా అనుభవం. ఆరు వ్యాగన్లుంటే కన్ను వెంటనే ఆరు అంటుంది. పదిహేను దాటితే లెక్క మానేసి 'పొడుగు బండి' అనుకుంటుంది. హెచ్‌ఓలో పదిహేను బాక్స్‌ఎన్‌లంటే 1.85 మీటర్లు, ఎన్‌లో ఇరవై అంటే 1.34 మీటర్లు. ఇవి ఇంట్లో పట్టే కొలతలు. ఐదు పరిశ్రమలకి ఐదు రకాలు మూడేసి కొనే డబ్బుతో ఒకే రకం పదిహేను వస్తాయి. మన వ్యాగన్లు రెడీమేడ్‌గా దొరకడం అరుదు, ఎక్కువగా ప్లాస్టిక్ షీటు కోసుకోవడమో త్రీడీ ప్రింట్ తీయించుకోవడమో చేస్తాం కాబట్టి ఒకే డిజైను పదిహేనుసార్లు చేయడం పనిలోనూ తేలిక.

ఖనిజం ఎంచుకున్నవాళ్లకి ఒక పాత చిట్కా బాగా పనికొస్తుంది. రెండు రేక్‌లు చేయండి, ఒకటి ఎప్పుడూ నిండుగా, ఒకటి ఎప్పుడూ ఖాళీగా. లేఔట్ మధ్యలో కొండ బొమ్మ వేసిన అడ్డు పలక నిలబెట్టి, ఒక పక్క కిరండూల్ లోడింగు, రెండో పక్క రేవు టిప్లర్ షెడ్డు కట్టి, పలక వెనక రెంటినీ ట్రాకుతో కలిపేయండి. నిండు రేక్ టిప్లర్ షెడ్డులోకి దూరి మాయమైపోతుంది, అదే రేక్ కాసేపటికి ఇంకో పక్క గని దగ్గర లోడు నింపుకుని బయటికొస్తుంది. ఖాళీ రేక్ దీనికి వ్యతిరేకం. ఖనిజం చేత్తో తీయాల్సిన పని, పోయాల్సిన పని ఉండదు. అనంతగిరి కొండల్లో నిజంగానూ ఇలాగే ఉంటుంది, నిండు బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. మోడల్ ఇంజనుకి కూడా ఖాళీ రేక్‌ని ఎక్కించడమే సులువు.

కానీ రకరకాల వ్యాగన్లు చూడాలన్న ఆశ ఉంటుంది కదా, మా వాడికీ అదే. దానికి నా జవాబు రేవు ఎక్స్‌ఛేంజి యార్డు. విశాఖ పోర్టుకి సొంత రైల్వే ఉంది. బయటి నుంచి వచ్చిన రేక్‌ని రైల్వే యార్డు దాకా తెచ్చి అప్పగిస్తుంది, అక్కడి నుంచి పోర్టు ఇంజన్లు లోపలికి తీసుకెళ్తాయి. మీరు పరిశ్రమ కట్టనక్కర్లేదు. దాని గేటు కట్టండి. నాలుగైదు పొడవాటి లైన్లు, ఒక చివర లైన్లన్నీ ఒక గోడ వెనక్కో వంతెన కిందికో పోయి కనిపించకుండా ఆగిపోవాలి. ఆ చీకట్లో ఏముందో చూసేవాడి ఊహకే వదిలేయాలి. ఈ యార్డులో ఖనిజం రేక్ పక్కన అల్యూమినా రేక్, దాని పక్కన భిలాయ్ పోవడానికి దిగుమతి బొగ్గు నింపుకున్న బాక్స్‌ఎన్‌లు, ఇంకో లైన్లో ఎరువుల బీసీఎన్‌లు నిలబడినా ఎవరూ తప్పుపట్టలేరు. రోజూ జరిగేది అదే. స్థలం తక్కువ, ఆశ ఎక్కువ ఉన్నవాళ్లకి విశాఖ ఇచ్చిన వరం ఇది.

మనుషులు కనపడాలి అనుకునేవాళ్లకి మాత్రం నేను గూడ్స్ షెడ్డు చెబుతాను. పొడవాటి ప్లాట్‌ఫారం, పైన రేకుల కప్పు, ఒక పక్క బీసీఎన్‌లు, ఇంకో పక్క వెనక్కి పెట్టిన లారీలు. వ్యాగన్ తలుపు నుంచి ప్లాట్‌ఫారం మీదికి వేసిన చెక్క. తలకి తువ్వాలు చుట్టుకుని వీపు మీద బస్తాతో వంగి నడిచే కళాసీలు, చేతిలో కొక్కెం, కింద రాలిన బియ్యం గింజల కోసం పావురాలు, ఒక స్తంభం పక్కన టీ కెటిలు. రేక్ పెట్టినప్పటి నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది, ఇచ్చిన గంటలు దాటితే డెమరేజీ కట్టాలి, అందుకే రాత్రిపూట కూడా దీపాల కింద పని సాగుతుంది. రైల్వేకి, ఊరికి మధ్య సరుకు చేతులు మారే చోటు అది. ఏ ఒక్క ఫ్యాక్టరీకీ కట్టుబడి ఉండదు కాబట్టి ఈ వారం ఎఫ్‌సీఐ బియ్యం, పై వారం సిమెంటు, ఖరీఫ్ ముందు ఎరువులు. నాకు మొత్తం విశాఖలో ఒక్కటే కట్టే అవకాశం ఇస్తే ఇదే కడతాను.

గూడ్స్ షెడ్డు కట్టినా, టిప్లర్ కట్టినా ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. పైనుంచి సరుకు నింపే చోట, క్రేన్ తిరిగే చోట, టిప్లర్ మీద కరెంటు తీగ ఉండదు. ఉంటే ప్రాణాలకే ముప్పు. ఎలక్ట్రిక్ ఇంజను యార్డు దాకానే వస్తుంది, అక్కడి నుంచి డీజిల్ షంటింగ్ ఇంజను తోస్తుంది. కాబట్టి వైర్లు వేసే శ్రమలో కొంత తప్పించుకోవచ్చు, పైగా ఇంజను మార్చే పని కూడా ఆటలో కలుస్తుంది.

ఇక నడపడం. అమెరికా పద్ధతిలో ఒక్కో వ్యాగన్‌కి ఒక్కో కార్డు రాసి, అది ఏ ఫ్యాక్టరీకి పోవాలో చూసుకుంటూ షంటింగ్ చేస్తారు. మనకి రేక్‌కి ఒక కార్డు చాలు. కార్డు మీద సరుకు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, నిండా ఖాళీయా, ఎన్ని గంటలకి పెట్టారు, ఎన్నింటికి వదలాలి. నేను గడియారాన్ని ఆరు రెట్లు వేగంగా అనుకుంటాను, పది నిమిషాలు ఒక గంట. దాంతో డెమరేజీ టెన్షన్ నిజంగానే పుడుతుంది. మధ్యలో ఒక వ్యాగన్ 'సిక్', అంటే పాడైంది అని చీటీ పెట్టి, దాన్ని రేక్ నుంచి విడదీసి పక్క లైన్లో పెట్టి, రేక్‌ని మళ్లీ కలపమంటే పూర్తి రేక్ కాలంలో కూడా కావాల్సినంత షంటింగ్ దొరుకుతుంది.

మా మేనల్లుడు చివరికి పలక నిలువుగా రెండుగా కోయించాడు. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముక్కలు రెండు, గోడ వెంట చివరా చివరా కలిపి పదహారు అడుగులు. ఎన్ స్కేలు, నాలుగు లైన్ల ఎక్స్‌ఛేంజి యార్డు, చివర రోడ్డు వంతెన కింద మాయమయ్యే లైన్లు. వెనక గోడ మీద డాల్ఫిన్ నోస్ కొండ, దాని ముందు రేవు క్రేన్లు బొమ్మగా వేశాడు. ఇరవై బాక్స్‌ఎన్‌లు ప్రింట్ అయ్యాయి, పన్నెండింటికి రంగు పడింది. మొన్న ఆదివారం వెళ్లేసరికి అగ్గిపుల్ల మీద గీత గీసుకుని, ఒక్కో వ్యాగన్‌లోకి దింపి ఖనిజం ఎత్తు కొలుస్తున్నాడు. ఎన్ స్కేలులో అది ఐదున్నర మిల్లీమీటర్లు.